సారు పేరున్న వరుస

మా కంప్యూటర్ సారు పోయారని బడిలోని సిస్టర్ ఫోను చేసి చెప్పారు. అప్పుడు నేను మైలాపూరులో, పనిచేసే గ్రంథాలయంలో, తిరిగొచ్చిన పుస్తకాలు అరల్లో సర్దుతున్నాను. "థాంక్యూ సిస్టర్" అన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు. కాన్వెంటులో ఎవరేం ఇచ్చినా థాంక్యూ చెప్పడం నేర్పారు. ఫోను పెట్టేశాక చేతిలో ఉన్న పుస్తకం ఏ అరకి చెందుతుందో కాసేపు గుర్తు రాలేదు.

ఆయన గురించి మన సంఘం పత్రికకి రాయమని పెద్దలు అడిగారు. ఆయన సంఘానికి ఏమేం చేశారో నాకంటే పెద్దలకే బాగా తెలుసు. ఆయన దగ్గర నేను నేర్చుకున్న ఒక పని గురించి, తరువాత అదే పనిలో నేను చేసిన తప్పు గురించి మాత్రమే రాయగలను.

పెరంబూరు బడిలో ఆయన ల్యాబుకి చెప్పులు బయట విడిచి వెళ్ళాలి. క్లాసంతా ఇంగ్లీషే. నా పక్కకి వచ్చినప్పుడు మాత్రం, నేను తెలుగింటి పిల్లనని తెలుసు కాబట్టి, గొంతు తగ్గించి తెలుగులో మాట్లాడేవారు. తప్పు ఎక్కడుందో చెప్పేవారు కాదు. స్టూలు లాక్కుని కూర్చుని, "ఈడ ఏం రాసినావో గట్టిగా చదువు మా" అనేవారు. చదువుతుంటే తప్పు నాకే కనిపించేది. కాని నాకు తప్పు దిద్దుకోవడం కంటే గట్టిగా చదవడమే కష్టం.

బడి అయిపోయిన చాలా ఏళ్ళకి, మూడేళ్ళ కిందట, ఆయనే నన్ను సంఘం చదువుల గదికి పిలిచారు. సభ్యులందరికీ సంఘం పేరుతో ఒక్కొక్క మెయిల్ అడ్రస్ ఉందని మీకు తెలుసు. ఆ మెయిల్ సర్వర్ పత్రికల బల్ల కింద ఉండే పాత కంప్యూటరు. అడ్రస్‌లన్నీ అందులో ఒక ఫైలులో ఉండేవి. సభ్యుల పట్టిక మాత్రం వేరే డేటాబేస్‌లో ఉండేది. కొత్తవాళ్ళు చేరినప్పుడల్లా రెండు చోట్లా రాయాలి.

"రెండు చోట్ల రాస్తే రెండూ తప్పుగా ఉంటాయి మా," అన్నారు సారు. "మెయిల్ సర్వర్ అంటే పోస్ట్‌మేన్ అనుకో. వాడికి అందరి పేర్లూ కంఠతా రావక్కర్లా. ఎవర్ని అడగాలో తెలిస్తే చాలు."

ఎవర్ని అడగాలో చెప్పడానికి చిన్న ఫైలు రాయాలి. డేటాబేస్ ఎక్కడుంది, ఏ పేరుతో లోపలికి వెళ్ళాలి, ఏ ప్రశ్న వేయాలి. మొత్తం ఐదారు వరుసలు.

"ఇంతేనా సార్?"

"ఇంతే. ఇంతలోనే మధ్యాహ్నం అయిపోతాది చూడు."

అయిపోయింది. రెండూ ఒకే కంప్యూటర్లో ఉన్నా, డేటాబేస్ కనిపించడం లేదని సర్వర్ అంటూనే ఉంది. కారణం సారుకి ముందే తెలుసు. చెప్పకుండా మురుకులు తింటూ కూర్చున్నారు. చివరికి జాలిపడి, "మెయిల్ సర్వర్ భద్రత కోసం తన గదిలో తలుపేసుకుని ఉంటాది. ఇంటి లోపలి దారి దానికి కనపడదు. వీధి చుట్టి వాకిట్లోంచి రమ్మను" అన్నారు. డేటాబేస్ ఎక్కడుందో చెప్పే వరుసలో కంప్యూటరు పేరు తీసేసి దాని అంకెల అడ్రస్ పెట్టాను. వెంటనే పలికింది.

"నీ మాదిరే," అన్నారాయన. "ఒకే ఇంట్లో ఉన్నా, బయటినుంచి ఫోను చేస్తేగానీ పలకదు."

వెళ్ళిపోయే ముందు డేటాబేస్‌ని కావాలనే ఆపి, నాకొక మెయిల్ పంపారు. అది వెనక్కి పోలేదు, నాకూ అందలేదు. ఆగింది. "చూస్తివా? అడిగేదానికి ఎవరూ లేకుంటే తర్వాత రమ్మంటాది. తెలీదనేది వేరే, లేడనేది వేరే. రెండూ కలిపేస్తే జనాల ఉత్తరాలు పాడవుతాయి." ఈ మాట రెండుసార్లు చెప్పారు. ఎందుకో తెలియకుండానే నోట్‌బుక్కులో రాసుకున్నాను.

సారు పెద్దకర్మ అయిన మర్నాడు సంఘం కార్యదర్శిగారు ఫోను చేశారు.

"అమ్మాయ్, రిజిస్టర్లో సారు పేరు కొట్టేసినాం. కంప్యూటర్లో కూడా తీసెయ్. మన వాడుక అదే గదా. పోయినోళ్ళవి ఇన్నాళ్ళూ ఆయనే తీస్తా ఉండె."

నేను కూర్చుని సభ్యుల పట్టికలో సారు పేరున్న వరుస తెరిచాను. మొత్తం చెరపడానికి చెయ్యి రాలేదు. అడ్రస్ పనిచేస్తోందని చెప్పే ఒకటి అంకెను సున్నా చేశాను. అది ఒక్క నిమిషం పని. చెప్పిన పని చేశాను కదా అనుకున్నాను.

ఆ శుక్రవారం ఒక అవ్వ ఫోను చేసింది. మా వీధి చివర ఉంటుంది. భర్త రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరై, రెండేళ్ళ కిందట పోయారు. మెయిల్ రాయడం ఇద్దరికీ సారే నేర్పారు.

"పాపా, మా ఆయనకి రాసింది వెనక్కి వచ్చేసినాది. ఎప్పుడూ రాలా. ఇంగ్లీషులో ఏదో తిట్టినట్టు ఉండాది. సారు పేరూ మా ఆయన పేరూ రాసి, వీళ్ళెవరో తెలీదంటాది. వీళ్ళిద్దరూ పెరంబూరులో తెలీనోళ్ళా?"

అవ్వ ప్రతి శుక్రవారం భర్త అడ్రస్‌కి రాస్తుందని నాకు అప్పుడే తెలిసింది. పట్టిక తెరిచి చూశాను. సంఘంలో పోయిన తొమ్మిదిమంది పేర్లూ అందులోనే ఉన్నాయి. సారు ఒక్కటీ తీయలేదు. ఆ తొమ్మిదింటికీ ఎదురుగా, ఉత్తరాలు చేర్చవలసిన చోట తన అడ్రస్ రాసుకున్నారు. నేను ఆయన్ని సున్నా చేయడంతో ఆ తొమ్మిదిమందీ లేకుండా పోయారు.

సారు అంకెను వెంటనే మళ్ళీ ఒకటి చేశాను. కాని తరువాత ఏం చేయాలో తెలియలేదు. ఉత్తరాలు ఇకమీదట ఎవరి దగ్గరికి వెళ్ళాలి? సారు వాటిని చదివేవారా? జవాబు రాసేవారా? ఊరికే పెట్టెలో ఉంచేవారా? ఆయన పెట్టె తెరిచి చూసే వీలు నాకుంది. చూడలేదు. చూడకపోవడం మర్యాదో, పిరికితనమో ఇప్పటికీ తేల్చుకోలేదు. వచ్చినదాన్ని పారేసి, అందినట్టే ఊరుకునే ఏర్పాటు కూడా సర్వర్‌లో ఉంది. ఒక్క పదం రాస్తే చాలు. అవ్వకి తేడా తెలియదు. రెండు రోజులు ఆ పదం రాస్తూ, చెరుపుతూ గడిపాను.

కార్యదర్శిగారికి జరిగింది చెప్పాను. "పోయిన మా అన్న అడ్రస్ కూడా ఉండాదా?" అన్నారాయన.

"ఉందండీ."

"సరి. ఉండనీ."

ఎలా ఉండనీయాలో ఆయనా చెప్పలేదు. చివరికి తొమ్మిది పేర్లకీ, పదోదైన సారు పేరుకీ ఎదురుగా నా అడ్రస్ రాశాను. ఆదివారం ఉదయం అవ్వ ఇంటికి వెళ్ళాను. అబద్ధం చెప్పకూడదని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. వాకిట్లోనే అన్నీ మరిచిపోయాను.

"అవ్వా, మీరు రాసేవి ఇన్నాళ్ళూ సారు దగ్గరికి వెళ్ళేవి. ఇకనుంచి నా దగ్గరికి వస్తాయి. నేను చదవను."

"సారు దగ్గరికా?" అంది. కొంగుతో టాబ్లెట్ తెర తుడిచింది. "యాడికి పోతాదో నేనెప్పుడూ అడగలా. వెనక్కి రాలా, అది చాలనుకుంటి." మళ్ళీ తనే, "చదివితే చదువు పాపా. పక్కింటి పిల్లి ఈనిందనీ, నీళ్ళ లారీ రాలేదనీ రాస్తా. అదేమన్నా సర్కారు రహస్యమా?" అని నవ్వింది. ఇదంతా పత్రికలో రాయనా అని అడిగితే, "రాసుకో. నా ఫోటో మాత్రం వెయ్యొద్దు" అంది.

సారు చదివేవారని నువ్వనుకుంటావా అని అడిగింది. తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

అవ్వ టాబ్లెట్ ఒళ్ళో పెట్టుకుని ఒక్క వేలితో రాయడం మొదలుపెట్టింది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. చాలాసేపు పట్టింది. "సరి, పంపిస్తా ఉండా" అని పైకే చెప్పి నొక్కింది. ఉత్తరం చేరినట్టు నా సంచిలో ఫోను ఒకసారి అదిరింది. అవ్వ సంచి వైపు చూసింది. తరువాత చీర కుచ్చెళ్ళు సర్దుకుని, వర్క్‌షాపు నుంచి అప్పుడే ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్ళు తేవడానికి లేచినట్టు, గబగబా లోపలికి వెళ్ళింది.