ఈశాన్యం మూల స్విచ్చి

తొమ్మిదో తరగతిలో నేను బడి మానేస్తే ఇంట్లో ఎవరూ ఏడవలేదు. బడిలో మాత్రం అయ్యవార్లు ఊపిరి పీల్చుకున్నారని విన్నాను. ఆ తర్వాత తిరుపతిలో మోటార్లకు వైండింగు చేసే అంగట్లో కుదురుకున్నాను. కాలిన తీగ వాసన చూసి ఏ మోటారో చెప్పేవాణ్ణి. సగం సార్లు తప్పేది, కానీ ధైర్యంగా చెప్పేవాణ్ణి.

అక్కడే పరిచయమయ్యాడు, చిత్తూరులో తలుపులు చెక్కే భాయి. కంప్యూటర్లో బొమ్మ గీస్తే చెక్క మీద తనంతట తానే చెక్కే యంత్రం ఉంటుందని ఎవరో ఆయనకు చెప్పారు. అలాంటిది మనమే చేద్దామన్న బుద్ధి ఇద్దరికీ ఒకేసారి పుట్టింది. మూడో మనిషి ఉండుంటే వద్దనేవాడేమో.

రేణిగుంటలో పాత సామాన్ల అంగట్లో చచ్చిపోయిన ప్రింటర్లు తెచ్చి మోటార్లు ఊడదీశాం. పూతలపట్టు దగ్గర మా బెల్లం షెడ్డులో ఇనుప చట్రాన్ని సిమెంటు పోసి నేలకు బిగించాం. అప్పుడు చెప్పాడు మా నాయన తన షరతు.

"గానుగ మొదలయ్యే నాటికి అది నా పేరు చెక్కల్ల. చెక్కిందా, షెడ్డు మీది. లేదా, దాన్ని పగలగొట్టి ఈదిలో పారేసి బెల్లం ఏసుకుంటా."

ఇక వైరింగు మొదలైంది. ఏ తీగ ఎక్కడ కలపాలో చెప్పే కాగితాలు ఇంటర్నెట్ సెంటర్లో ఇంగ్లీషులో దొరికాయి. ఇంగ్లీషు నాకు అరకొర, భాయికి అదీ లేదు. అందువల్ల అర్థాల మీద గొడవ పడకుండా బొమ్మలు చూసి చదువుకున్నాం. మొదటిసారి కరెంటు ఇవ్వగానే మోటారు తిరగలేదు, ఉన్నచోటే వణికింది.

"దీనికి సలిజొరం వచ్చిందప్పా, మాత్రెయ్యి," అన్నాడు భాయి.

నాలుగు తీగల్లో రెండు జతలు తారుమారయ్యాయి. మార్చాక తిరిగింది. ఆ తర్వాత చెక్కే మోటారు వేసిన ప్రతిసారీ కంప్యూటరుకు పిచ్చెక్కి పని ఆగిపోయేది. లావు కరెంటు తీగను, స్విచ్చిల సన్న తీగలను ఒకే కట్టగా కట్టేశాను మరి. అత్తాకోడళ్ళలాగా వాటికి వేరు కాపురం పెట్టించాక ఇల్లు చల్లబడింది.

అంతా కుదిరిందనుకుంటుండగా నాయన వచ్చాడు.

"ఇది యాణ్ణుంచి మొదలుపెడతాదిరా?"

యంత్రం ముందుగా ఒక మూలకు పోయి అక్కడి చిన్న స్విచ్చిని తాకుతుంది. ఆ మూల నుంచే దానికి లెక్క మొదలు. ఆ మూల చూపించాను. నాయన బయటికి పోయి సూర్యుణ్ణి చూసి వచ్చాడు.

"ఆగ్నేయం! నిప్పు మూల నుంచి మొదలుపెడతావా నా పేరు? నన్ను కాలబెట్టల్లని ఉండాదా? ఈశాన్యానికి మార్చు."

"మిషనుకు దిక్కులు తెలవవు నాయనా."

"నీకూ తెలవవు. అందుకే సెప్తాండా."

షెడ్డు ఆయనది. స్విచ్చిని విప్పి అవతలి కొసన బిగించాను. ఇప్పుడు మోటారు అటువైపు పోవాలి కదా, కంప్యూటర్లో 'తిరగేసి నడుపు' అనే గడిలో ఒక టిక్కు పెట్టాను. బుద్ధిగా ఈశాన్యానికి పోయి నిలబడింది.

గానుగ మొదలైన పొద్దున నాయన ఊళ్ళోవాళ్ళను వెంటబెట్టుకొని వచ్చాడు. ఆయన పేరు కంప్యూటర్లో పెట్టి మీట నొక్కాను. పొట్టు లేచింది, అక్షరాలు దిగాయి. అందరూ ఆహా అన్నారు. భాయి వంగి పొట్టు ఊదాడు. ఊదినవాడు వంగినట్టే ఉండిపోయి నా చెవిలో అన్నాడు:

"ఇది మీ నాయన పేరా, మా ఉర్దూనా అప్పా? కుడి నించి ఎడమకు పోతా ఉండాదే!"

మొదలు అటునుంచి ఇటు మారేసరికి పేరంతా అద్దంలో చూసినట్టు తిరగబడింది. నాయన చెక్కను పైకెత్తాడు, తల వంచి చూశాడు.

"ఏమ్రా ఇది?"

"అచ్చు నాయనా," అంది నా నోరు, నన్నడక్కుండానే. "నీ పేరు తలుపు మీద యాల? బెల్లానికి అచ్చు చేసినా. అచ్చులో అక్షరాలు తిరగబడే ఉండల్ల గదా."

నాయన నన్ను చూశాడు, చెక్కను చూశాడు, పక్కన చెరుకు రసం పొంగుతున్న పెనాన్ని చూశాడు.

"అట్లనా? తే. పోసి సూద్దాం."

నా ఆలోచన అంతదాకా పోలేదు. భాయి చెక్కను నీళ్ళతో తడిపాడు. చిక్కబడిన బెల్లం పోశారు. అది అంటుకున్నా విరిగినా షెడ్డు పోయినట్టే. ఊళ్ళోవాళ్ళు చెరుకు నములుతూ నిలబడ్డారు. బెల్లం ఆరాక నాయన చెక్కను బోర్లించి అరచేత్తో చరిచాడు. దిమ్మ ఊడిపడింది. పైన నాయన పేరు, తిన్నగా, ఉబ్బెత్తుగా ఉంది. ఒక కొమ్ము మాత్రం చెక్కలోనే ఉండిపోయింది. దాన్ని నాయన గోరుతో తవ్వి నోట్లో వేసుకున్నాడు.

"సూసినారా! ఈశాన్యమంటే ఏమనుకున్నారు!"

షెడ్డు నిలిచింది.

ఆ తర్వాత తిరుచానూరు లాడ్జి ఒకటి తలుపు మీద పేరు చెక్కమంది. తిన్నగా చెక్కాలంటే స్విచ్చి మళ్ళీ ఆగ్నేయానికి పోవాలి. నాయన చెరుకు తోటకు పోగానే నేను మార్చేవాణ్ణి, భాయి వాకిట్లో కాపలా ఉండేవాడు. నాయన కనబడితే దగ్గాలని ఒప్పందం. అలా చాలా తలుపులు చెక్కుకున్నాం.

ఒక రోజు దగ్గు విని స్విచ్చి విప్పబోతుంటే బయట నాయన గొంతు వినిపించింది.

"ఏం భాయ్, ఆ దగ్గు మానుకో. గొంతు పోతాది. తలుపులకు ఆగ్నేయమే పెట్టుకోండి, నేను అటు సూడను. నా అచ్చులకు మాత్రం ఈశాన్యం తప్పితే ఊరుకోను."