రేకు తునకలు

ఈ రోజు ఆదోనిలో బియ్యం డబ్బా చేయించుకుందామని, రేకు కొనుక్కొని డబ్బాల అంగడికి పోయాను. అక్కడ కూలికి పనిచేసే మాబన్న రేకు మీద గీతలు గీసి కత్తిరిస్తే గుప్పెడు తునకలే మిగిలాయి. రేకు నాదే కదా అని వాటినీ సంచిలో వేసుకున్నాను.

“సారూ, అయ్యి నా కూలి కిందికొస్తాయి. షావుకారిచ్చే దుడ్డు బియ్యానికే సాలదు. తునకలతో కిరసనాయిలు బుడ్లు సేసి అమ్ముకుంటా” అన్నాడు.

సంచి వైపు చూసుకుని అడిగాను, “మరి ఇంత పొదుపుగా ఎందుకు గీసినావన్నా?”

“రేకు సెడగొట్టేకి సెయ్యి రాదు సారూ.”

సంచి అక్కడే దులిపేసి, డబ్బా తయారయ్యాక తీసుకొని వచ్చాను. ఇంటికొచ్చాక ఆ డబ్బాలో బియ్యం పొయ్యడానికి నాకూ చెయ్యి రాలేదు. పనితనం పెరిగేకొద్దీ కూలి తగ్గే పని ఇంకెక్కడైనా ఉందా, మీరే చెప్పండి!