గేరుబాక్సు ఖాళీ, ఇంజను ఫుల్లు

ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో ఒక కారు పొగ కక్కుతుంది, ఏ పాపం ఎరగని మనిషి మీద నింద పడుతుంది, ఒక ఫిజిక్స్ లెక్చరర్ పరువు బందరు నడిబొడ్డున పట్టపగలు పోతుంది. ఆ లెక్చరర్ని నేనే. కాబట్టి మీరు మొహమాటపడకుండా నవ్వుకోవచ్చు.

ఆరేళ్ళ కిందటి మాట. అప్పుడు నేను గుడివాడలో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతుండేవాణ్ణి. మా మావయ్యగారు, అంటే మా ఆవిడ లలిత తండ్రి, అవనిగడ్డలో ఉంటారు. కాలువల మీద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఏ కాలువకి ఎన్ని అంగుళాల నీళ్ళు వదలాలో కొలిచి కొలిచి, ఆయనకి లోకంలో ప్రతిదాన్నీ కొలవడం అలవాటైపోయింది. కాఫీలో పంచదార కొలుస్తారు. కూరలో ఉప్పు కొలుస్తారు. అల్లుడి మాటలు వింటూ అందులో నిజమెంతో కూడా కొలుస్తారు. ఆయనకో తెల్ల కారుంది. రోజూ పొద్దున్నే దాన్ని తుడిచే తీరు చూస్తే, చంటిపిల్లకి స్నానం చేయిస్తున్నారేమో అనిపిస్తుంది.

ఆ వేసవిలో ఆయనకి బందరులో కంటి ఆపరేషన్ అయింది. నెల్లాళ్ళు బండి నడపొద్దన్నారు డాక్టరుగారు. లలిత తండ్రి దగ్గర ఉండిపోయింది. నేను కారులో గుడివాడ తిరుగు ప్రయాణమవుతుంటే మావయ్యగారు తాళాలు చేతిలో పెట్టి, ఒక క్షణం వదల్లేక వదిలి అన్నారు:

"అల్లుడుగారూ, బండి జాగ్రత్తండీ. సర్వీసు దగ్గర పడింది. బందరు షోరూంలో ఇచ్చేయండి, వాళ్ళే చూసుకుంటారు."

ఇచ్చేస్తే సరిపోయేది. కానీ నా మనసులో ఒక ముల్లు ఉంది. అంతకు నెల ముందు వాళ్ళింట్లో ఫ్యూజు పోయింది. అది ఎందుకు పోతుందో, కరెంటు తీగలో ఎలా ప్రవహిస్తుందో నేను అరగంట సేపు అద్భుతంగా వివరించాను. మావయ్యగారు అంతా శ్రద్ధగా విని, "బాగా చెప్పారండీ" అని, స్టూలెక్కి ఫ్యూజు వేసేశారు. ఆ రోజు నుంచీ నాకు చేతిపని కూడా వచ్చని ఆయనకి నిరూపించాలని ఒకటే తపన.

అందుకని బందరు షోరూంకి వెళ్ళాను గానీ, కారు ఇవ్వలేదు. విడిభాగాలమ్మే కౌంటరు దగ్గరికి నడిచాను. అక్కడ కుర్చీకి అంటుకుపోయిన ప్రసాద్ అనే నెమ్మదైన మనిషి ఉన్నాడు. ఆయిలు డబ్బా, ఫిల్టరు, బొటనవేలి గోరంత వాషరు తెచ్చి నా ముందు పెట్టాడు.

"అన్నీ కంపెనీవేనండి. ఎవరు మారుస్తారు సార్?"

"నేనే."

"మీరా?"

ఆ 'మీరా'లో ఉన్న దీర్ఘం నాకు నచ్చలేదు.

"ఇంతకుముందు ఎప్పుడైనా మార్చారా అండీ?"

"ఇందులో ఏముందయ్యా? పాతది కింద నుంచి పోతుంది, కొత్తది పైనుంచి పోస్తాం. గురుత్వాకర్షణ. రోజూ పిల్లలకి చెప్పేదే."

ప్రసాద్ బిల్లు వెనకాల తన నంబరు రాసిచ్చి, "డౌటొస్తే ఫోన్ చేయండి సార్" అన్నాడు. నాకు డౌటు రావడమేమిటి?

ఆదివారం పొద్దున్నే లుంగీ బిగించాను. కారు ముందు చక్రాలు రెండూ గేటు దగ్గర సిమెంటు వాలు మీదికి ఎక్కించి, వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టాను. ఫోన్లో ఒక వీడియో రెండుసార్లు చూశాను. అందులో కారు వేరే కంపెనీది, మాట్లాడేవాడి భాష నాకు రాదు. అయినా చేతులు కనపడుతున్నాయి కదా అని ధైర్యం. ఆయిలు పట్టడానికి ఏమీ దొరక్క, లలిత ఆవకాయ కలిపే పెద్ద బేసిన్ తీసుకుని కారు కిందకి పాకాను.

కింద ఒక బోల్టు కనపడింది. వెంటనే కనపడింది. ఇంత సులభంగా కనపడిన బోల్టుని అనుమానించాలని అప్పట్లో నాకెవరూ చెప్పలేదు. బలమంతా పెట్టి తిప్పాను. ఊడింది. ఆయిలు బేసిన్‌లోకి ధారకట్టింది.

ఏం ఆయిలండీ అది! పాత ఆయిలు నల్లగా తారులా వస్తుందని విన్నాను. ఇది తేనెలా మెరుస్తోంది. నా ఛాతీ ఉప్పొంగింది. "చూశావా, ఇంత శుభ్రంగా ఉన్నదాన్ని మార్చమంటారు ఈ షోరూం వాళ్ళు! జనాన్ని ఎంత మోసం చేస్తున్నారో" అని ఆ కారు కిందే వెల్లకిలా పడుకుని సమాజం గురించి కాసేపు బాధపడ్డాను.

తరవాత ఫిల్టరు ఊడదీశాను. దాన్నుంచి చిక్కటి నల్లటి ఆయిలు నా మోచేతి మీదుగా చంకలోకి కారింది. ఇక్కడ తెలివైనవాడికి అనుమానం రావాలి. నాకు జ్ఞానోదయమైంది. "ఆహా, మురికంతా ఫిల్టరు పట్టేసింది కాబట్టే ఆయిలు తేనెలా ఉందన్నమాట!" ఈ సిద్ధాంతాన్ని క్లాసులో పిల్లలకి ఉదాహరణగా చెప్పాలని కూడా అనుకున్నాను.

కొత్త ఫిల్టరు బిగించాను. బోల్టు తిరిగి పెట్టబోతే వాషరు పట్టలేదు. బోల్టు లావు, వాషరు చిన్నది. నాకు కోపం నషాళానికి అంటింది. ప్రసాద్‌కి ఫోన్ కొట్టాను.

"ఏమయ్యా, తప్పు వాషరు అంటగట్టావు?"

"లేదండి, ఆ బండికి అదేనండి. మీరు ఊడదీసిన బోల్టు ఎక్కడుందండీ?"

"ఎక్కడుంటుంది? కిందుంది."

"ఆయిలు నల్లగా వచ్చిందా సార్?"

"నల్లగా ఎందుకొస్తుంది? మా మావయ్యగారి బండి. తేనెలా వచ్చింది."

ప్రసాద్ ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

"సార్, కింద రెండు బోల్టులుంటాయండి. ఒకటి ఇంజనుది, ఇంకోటి..."

"నేను ఫిజిక్స్ లెక్చరర్ని ప్రసాద్! నాకు బోల్టుల గురించి చెప్పకు" అని పెట్టేశాను.

ఆ 'ఇంకోటి' తరవాత వచ్చే మాట వినడానికి నాకు ఒక్క క్షణం పట్టేది. ఆ క్షణం నాకు తీరిక లేకపోయింది.

పాత వాషరుతోనే బోల్టు బిగించి, డబ్బాడు ఆయిలూ పైనుంచి ఇంజనులో పోశాను. ఆయిలు కొలిచే పుల్ల తీసి చూస్తే, ఉండాల్సిన గీత దాటి బెత్తెడు పైకి తడిసి ఉంది. కొత్త ఆయిలు కదా, నాలుగు కిలోమీటర్లు తిరిగితే సర్దుకుంటుందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఎంతైనా ఎక్కువుంటే మంచిదే గానీ తక్కువుంటే కదా తప్పు!

మర్నాడు మావయ్యగారిని కంటి పరీక్షకి బందరు తీసుకెళ్ళాలి. అందుకని ఆ మధ్యాహ్నమే అవనిగడ్డ బయల్దేరాను. పామర్రు దాకా కారు పాపం ఓర్చుకుంది. కూచిపూడి దాటేసరికి గేర్ల దగ్గర్నుంచి కందిరీగల గూడు కదిలినట్టు ఒక రొద మొదలైంది. పాటల సౌండు పెంచాను. మొవ్వ దగ్గర అద్దంలో చూస్తే వెనక రోడ్డు లేదు. ఉన్నదంతా తెల్లటి పొగ. ఒక స్కూటరాయన పక్కకొచ్చి, ముక్కు మూసుకుని అడిగాడు:

"మాస్టారూ, దోమల మందు కొడుతున్నారా? మా వీధిలోకి కూడా ఓసారి రండి!"

నవ్వి చెయ్యి ఊపాను. ఇంకేం చేయను?

అవనిగడ్డలో ఇంటి ముందు ఆగేసరికి రొద మూలుగైంది. పొగకి ఎదురింటివాళ్ళు కిటికీలు వేసుకున్నారు. మావయ్యగారు నల్లద్దాలతో బయటికొచ్చి, పొగలోకి తొంగిచూస్తూ "అల్లుడుగారేనా?" అన్నారు. వెంటనే వాళ్ళ పాత మెకానిక్ మస్తాన్‌ని పిలిపించారు. మస్తాన్ పుల్ల తీసి చూశాడు. కారు కిందకి దూరాడు. చాలాసేపటికి బయటికొచ్చి, చావు కబురు చెప్పేవాడిలా తలపాగా విప్పాడు.

"అయ్యగారూ, ఇంజన్లో రెండు ఇంజన్ల ఆయిలుందండి. గేరుబాక్సులో చుక్క లేదండి. ఇంజనాయిలు తీయబోయి గేరాయిలు తీసేశాడండి ఎవడో. పాతది అలాగే ఉండగా కొత్తది పైన పోసేశాడు. ఎవడండీ ఆ మహానుభావుడు?"

ముగ్గురూ నా వైపు చూశారు. నా నోరు నా అనుమతి లేకుండా తెరుచుకుంది.

"బందరు షోరూం వాళ్ళండీ."

మావయ్యగారు అంత కోపంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. "బిల్లుందా?" అన్నారు. జేబులోంచి తీసిచ్చాను. కన్ను ఆనక కూతురికిచ్చారు. లలిత చదివింది. ఆయిలు, ఫిల్టరు, వాషరు. ఇంకేమైనా ఉందేమోనని కాగితం తిప్పి చూసింది. తరవాత నా చేతుల వైపు చూసింది. పెదవి కొరుక్కుని, చాలా మర్యాదగా అంది:

"రేపెటూ బందరు వెళ్తున్నాం కద నాన్నా, వాళ్ళని అడిగేద్దాం. నేనూ వస్తాను. ఈయన కూడా వస్తారు. ఏవండీ?"

ఆ రాత్రి నాకు జ్వరం రావాలని చాలామంది దేవుళ్ళని అడిగాను. ఎవరూ పలకలేదు.

మర్నాడు బస్సులో వెళ్ళాం. కంటి పరీక్ష అయింది. షోరూంలోకి మావయ్యగారు నల్లద్దాలతో, పంచెకట్టుతో అడుగుపెట్టేసరికి మేనేజరు లేచి నిలబడ్డాడు. మావయ్యగారు జరిగినదంతా చెప్పారు. మేనేజరు బిల్లు చూసి ప్రసాద్‌ని పిలిచాడు.

"ఇది నువ్విచ్చిన బిల్లే కదా? పోయిన నెలే నీ మీద ఒక కంప్లైంటొచ్చింది. ఇది కూడా నిజమైతే నేనేం చేయలేను ప్రసాద్."

ప్రసాద్ మొహం తెల్లబోయింది. తల తిప్పి చూస్తే ఎదురుగా నేను. అంతా అర్థమైపోయింది ఆయనకి. ఒక్క మాట చాలు, నా పని అయిపోయేది. ఆ మాట ఆయన అనలేదు. నేల చూస్తూ అన్నాడు:

"నేను ఇంకాస్త గట్టిగా చెప్పాల్సింది సార్."

అప్పటిదాకా నాకు భయమే ఉంది. ఆ మాటతో సిగ్గు పుట్టుకొచ్చింది. ఒక అడుగు ముందుకేసి అన్నాను.

"ఈయన తప్పేమీ లేదండీ. ఆయిలు నేనే మార్చాను. ఈయన ఫోన్లో చెప్పబోతే వినలేదు."

"అమ్మయ్య!" అంది లలిత. "నిన్నటి నుంచీ చూస్తున్నాను, ఎప్పుడు చెబుతారా అని."

"నీకు తెలుసా?"

"బిల్లులో కూలి లేదు. మీ గోళ్ళ నిండా ఆయిలుంది. ఇంకా ఏం తెలియాలండీ?"

మావయ్యగారు ముందు ప్రసాద్ వైపు తిరిగి రెండు చేతులూ జోడించారు. "తప్పుగా అనుకున్నాను బాబూ, మనసులో పెట్టుకోకు." తరవాత నల్లద్దాలు కొంచెం కిందకి దించి నన్ను చూశారు.

"అల్లుడుగారూ, మీరు చెప్పేది ఫిజిక్సే కదండీ?"

"అవునండీ."

"పిల్లలు పాసవుతున్నారా?"

మేనేజరు దగ్గు వచ్చినట్టు నటించి లోపలికెళ్ళిపోయాడు. ప్రసాద్ మాత్రం నవ్వకుండా ఉండటానికి ఒక ఫిల్టరు డబ్బా మీది అక్షరాలు చదవసాగాడు. మంచివాడండీ, ఇప్పటికీ అంటాను.

మస్తాన్ చలవ వల్ల కారు బతికింది. కానీ మూడో గేరులో సన్నగా ఒక రాగం మిగిలిపోయింది. ఎవరైనా చుట్టాలు కారెక్కితే మావయ్యగారు కావాలనే మూడో గేరు వేసి, "వింటున్నారా? మా అల్లుడుగారు స్వయంగా నేర్పిన సంగీతం" అంటారు.

పోయినేడు మేము సొంత కారు కొనుక్కున్నాం. తాళాలిచ్చే ముందు షోరూం అమ్మాయి ఇంజను చూపిద్దామని బానెట్ ఎత్తబోయింది. లలిత గబుక్కున చెయ్యి అడ్డం పెట్టి, "వద్దమ్మా, ఆయనకి చూపించకు" అంది.

కాబట్టి ఇందుమూలంగా సమస్త తెలుగు పాఠకుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ కారు కిందకీ దూరను, ఏ బానెట్టూ ఎత్తను, ఏ బోల్టునీ ముట్టను. చక్రాల్లో గాలి మాత్రం కొట్టిస్తాను. అది కూడా లలిత పక్కన నిలబడి, "అది చక్రమేనండీ" అని ఖాయం చేశాకే.