వజ్రాల చేలో మా కెంపు

మా చిన్నప్పుడు... మా పత్తికొండ వైపు తొలకరి వాన పడిందంటే, విత్తనం వేసేవాళ్లకంటే వజ్రాలు వెతికేవాళ్లే చేలల్లో ఎక్కువగా కనిపించేవారు. వాన మట్టిని కడిగేస్తే రాయి మెరుస్తుందని ఆశ. సద్ది మూటలు కట్టుకొని, నడుములు వంచి, ఊళ్లకు ఊళ్లే దిగేవి...

ఆ ఏడు మా మేనత్త కడప నుంచి వచ్చింది. చెవులకు ఏడు రాళ్ల వజ్రాల దుద్దులు. మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు. ఆమె తల తిప్పేది మనల్ని చూడటానికి కాదు, మనం చూడటానికి.

నాకు తొమ్మిదేళ్లు. చెవులకు అమ్మ చిన్నప్పటి ఎర్రరాళ్ల కమ్మలు. అత్త చూసింది.

"ఏమే పాపా, దానిమ్మ గింజలు చెవులకు పెట్టుకోని తిరుగుతాండావే? పిట్టలు పొడుచుకోని పోతాయి!"

అంతటితో ఊరుకుంటే మా అత్త ఎందుకవుతుంది... అమ్మ వైపు తిరిగింది.

"సుశీలా, మీయమ్మ ఇచ్చిన ఆ కెంపుల అడ్డిగ పెట్టెలో పెట్టుకోని ఏం చేస్తాండావు? శుక్రవారం ఆచారి వస్తాడు గదా. కరిగించి పాపకు వజ్రాల కమ్మలు చేయిద్దాం. నా మేనగోడలు ఇట్ల తిరిగితే నాకు నామోషీ!"

మా జేజి, అంటే నాన్నవాళ్లమ్మ, కూతురి మాటకు తలూపింది. నాన్న అక్క మాటకు ఎదురు చెప్పే రకం కాదు. అమ్మకు వాళ్లమ్మ తన మెడలోంచి తీసి వేసిన నగ ఆ అడ్డిగ... ఆ రోజు అమ్మ చేతిలో రోటి పచ్చడికి దెబ్బలు ఎక్కువ పడ్డాయి.

మర్నాడే వాన. తెల్లారగానే అందరం చేలోకి. అత్త దుద్దులతోనే బయలుదేరింది. తీసి పెట్టిపొమ్మని జేజి అంటే, "వజ్రం వజ్రాన్ని పిలుస్తాదంటమ్మా" అంది. వజ్రాలు వెతకడానికి వజ్రాలు పెట్టుకొని పోయిన మనిషిని ఈ డెబ్బై ఏళ్లలో మళ్లీ చూడలేదు.

రెండు సాళ్లు వెతికిందో లేదో, చెవి తడుముకుంది...

"అయ్యో, నా వజ్రం! దుద్దులో నడిమి రాయి పడిపోయుండాది!"

చెప్పకూడని మాట, చెప్పకూడని చోట, ఊరంతా వినేట్టు చెప్పింది. అంతవరకు తలో దిక్కూ తిరుగుతున్న జనమంతా మా అత్త పాదాల దగ్గర వాలిపోయారు. ఓదార్చడానికి కాదు.

"యాడ పడిందమ్మా? ఈడనా? నువ్వు కదలొద్దు తల్లీ, నిలబడు, నేను చూస్తా!" అంటూ ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ఎంత ఆప్యాయంగా వెతికారో...

ఆ తొక్కిసలాటలో నేనూ బురదలో పాకాను. ఇంటికొచ్చి చూసుకుంటే నా కుడి కమ్మలో కెంపు లేదు. ఏడుపు రాయి కోసం కాదు... ఇక అత్త మాటకు అడ్డు లేదు, అమ్మ అడ్డిగ శుక్రవారం మూసలో పడుతుంది, దానికి నేనే కారణం. అమ్మ నా చెవి చూసి, తల మీద చెయ్యి వేసింది.

సాయంత్రం గాజులమ్మే హుసేన్‌బీ వాకిట్లోకి వచ్చింది. వాన పడితే గాజుల గంప ఇంట్లో పెట్టి తనూ చేలోకే పోయేది. కొంగు ముడి విప్పి, "ఈ రాయి మీ పాపదే గదా?" అంది. నల్లరేగడి ఇంకా అంటుకొని ఉన్నా, నిప్పుకణికలా నా కెంపు...

అమ్మ రాయిని అరచేతిలోకి తీసుకుంది. "నీకెట్ల తెలిసింది బీ?"

"మొన్న గాజులు తొడిగేటప్పుడు చూసినా గదా! అయినా ఈ నేలలో ఎర్రగా పండేది మిరపకాయలే గాని కెంపులు గాదు."

అత్త గబగబా ముందుకొచ్చింది. "మరి నా తెల్లరాయి?"

"అది నీదని దాని మీద యాడ రాసుంటాదమ్మా? ఆ చేన్లో తెల్లరాయి దొరికినోళ్లదే!"

రెండు రోజులకు కబురు పాకింది. ఆ చేలో ఎవరికో వజ్రం దొరికిందట... సాన పట్టి, మెరుగు పెట్టి, సరిగ్గా దుద్దులో పట్టే సైజులో! భూదేవి పనితనానికి ఊరంతా ముక్కు మీద వేలేసుకుంది. అత్త మాత్రం చెవి మీద చెయ్యేసుకుంది.

శుక్రవారం ఆచారి వచ్చి కుంపటి పెట్టగానే జేజి చెప్పేసింది. "అడ్డిగ జోలికి పోవద్దు ఆచారీ. పోయినా ఇంటికొచ్చే రాళ్లప్పా అవి! పాప కమ్మకు రాయి పొదుగు, చాలు."

అప్పుడు అమ్మ లోపలికి పోయి తన పాత ఉంగరం తెచ్చింది. అందులో రెండు కెంపులు. "మీ దుద్దు బోసిగా ఉండాది వదినా. ఇందులో ఒకటి పెట్టించుకోండి." మా అమ్మ గొంతులో అంత తేనె అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

అత్త ఉంగరం వైపు చూసింది... అద్దం వైపు చూసింది... చివరికి చిన్నగా అడిగింది.

"ఒక చెవికేనా?"

రెండు చెవులకూ పెట్టించుకుంది. కడపలో అడిగినవాళ్లందరికీ "పత్తికొండలో స్పెషల్‌గా చేయించినా" అని చెప్పేదట. కడదాకా ఆ దుద్దులు చెవుల నుంచి తీయలేదు.

మొన్న మనవరాలి నిశ్చితార్థానికి కర్నూలులో నగల షాపుకు పోయాం. ఆ అబ్బాయి తెల్లరాళ్ల సెట్లన్నీ పరిచి, వజ్రం స్టేటస్ అన్నాడు. నలభై ఏళ్లు సైన్సు చెప్పినదాన్ని, బొగ్గుకూ దానికీ ఉన్న చుట్టరికం గుర్తు చేద్దామని నోరు తెరిచాను. ఈలోపే నా మనవరాలు లేచింది. "పద జేజీ, ఇంట్లో ముత్తవ్వ అడ్డిగ ఉంది కదా!" ఫొటోలో చుట్టూ అందరి మెడలూ తళుక్కుమంటున్నాయి... కానీ చూసినవాళ్లు అడిగింది ఆ ఎర్రటి మెడ గురించే.

ఇప్పుడు వజ్రాలు కార్ఖానాల్లో కూడా కాస్తున్నాయట. కాయనీ... దొరికిన రాయిని కొంగున ముడేసుకొని మన వాకిట్లోకి తెచ్చిచ్చే హుసేన్‌బీని ఏ కార్ఖానా తయారుచేస్తుంది?

మీ అమ్మ పెట్టెలో ఏ రంగు రాయి ఉంది? దాని కథేమిటో కింద రాయండి... తెల్లదైతే మాత్రం, తొలకరికి మా వైపు పెట్టుకొని రాకండి.