దొర బండి సప్పుడు

ఆ మోటార్ సైకిలు మా బావకు ఒక దొర ఇచ్చి పోయినది.

బావ కోరుట్లలో దర్జీ. దగ్గరి ఊరి దొర ఇంటికి ఏళ్ల తరబడి బట్టలు కుట్టాడు. నక్సలైటు అన్నలు ఆ ఊళ్లో మీటింగు పెట్టి, కోటలాంటి ఆయన గడి గోడల మీద ఎర్ర రంగుతో రాతలు రాసిన వారానికే దొర కుటుంబంతో పట్నం వెళ్లిపోయాడు. పోతూ పోతూ, పశువుల కొట్టంలో పడి ఉన్న పాత బండిని చూపించి, "పనికొస్తే తీస్కపో" అన్నాడట.

నేను సిరిసిల్లలో సాంచెలు బాగుచేసేవాణ్ణి. మరమగ్గాలను మా దగ్గర సాంచెలంటారు. బావ బండిని వరిగడ్డి లారీలో వేసుకుని నేరుగా మా ఇంటికి తెచ్చాడు.

"బామ్మర్దీ, దీన్ని నువ్వే లేపాలె. సాంచెకాడ గంత పనోనివి, గిదెంత?" అన్నాడు.

దాని సీటులో ఎలుకలు కాపురం పెట్టాయి. ట్యాంకు ఊపితే తుప్పు గలగలమంది. కిక్ మీద ఎక్కి నిలబడినా కదల్లేదు. పిస్టన్ సిలిండరులోనే అతుక్కుపోయింది. కిరోసిన్ పోసి వారం నానబెట్టి, చెక్కముక్క ఆనించి సుత్తితో మెల్లగా కొడుతూ పోతే, ఒక ఆదివారం అది వెంట్రుకవాసి జరిగింది. బావ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. ఆ ఆదివారాలు మాకు పండుగలు. వేములవాడ మొక్కుల జనంతో కిక్కిరిసిన బస్సులో నిలబడి వచ్చేవాడు. జగిత్యాల పాతసామాను దుకాణాల్లో వెతికి పట్టిన బోల్టులో, బేరింగులో సంచిలోంచి తీసి నా ముందు పెట్టేవాడు. సీటు మాత్రం నన్ను ముట్టనివ్వలేదు. నల్ల రెగ్జిన్ తెచ్చి, అంచుకు రెండు వరసల కుట్టు వేసి, తనే కుట్టాడు. అంత చక్కటి సీటు నేను కొత్త బండ్ల మీద కూడా చూడలేదు.

నాలుగు నెలలకు బండి పలికింది. నేను ఎగిరి గంతేయబోతూ బావ ముఖం చూసి ఆగిపోయాను. రక్తం లేదు ఆ ముఖంలో.

"గిదే సప్పుడు," అన్నాడు. "గీ సప్పుడు ఇంటె ఊళ్లె ఆడోళ్లు తలుపులు పెట్టుకుంటుండిరి. మంచంల ఉన్నోడు లేసి నిలబడుతుండె. నేను గిట్ల పోతుంటె దొర మల్లొచ్చిండనుకుంటరు. లేకుంటె దొర మనిషి వీడేనంటరు."

దొర మనిషి అన్న మాట ఆ రోజుల్లో ప్రాణం తీసేది. అలా అని బండి పారేయడానికి ఆయనకు మనసొప్పలేదు. నాకూ ఒప్పలేదు. మెరూన్ రంగు గీకేసి నల్లరంగు వేశాను. హ్యాండిల్ మార్చాను. మిగిలింది సప్పుడు. సైలెన్సరులో చిల్లుల గొట్టం ఒకటుంటుంది, మోతను మింగేది అదే. దాన్ని తీసేస్తే బండి గొంతు పూర్తిగా మారిపోతుంది.

"చెవులు పగులుతయ్ బావా," అన్నాను.

"పగలనియ్. దొరది కాదంటె సాలు."

తీసేశాను. ఇప్పుడది పిడుగులు పడ్డట్టు మోగింది. ఎవరూ దాన్ని దొర బండి అనలేరు. బావ దాని మీదే కోరుట్ల వెళ్లాడు. నేను వీధి చివర దాకా పరుగెత్తి చూశాను.

మూడు వారాలు గడిచాయి. లైనింగు గుడ్డ కోసం బావ పొద్దున్నే జగిత్యాల బయలుదేరాడు. ముందురోజు ఆ చుట్టుపక్కల ఎక్కడో మందుపాతర పేలిందని ఆయనకు తెలియదు. దారిలో ఒక కల్వర్టు దగ్గర మఫ్టీలో ఉన్న పోలీసులు చెట్ల వెనక నుంచి ఆగమని అరిచారు. ఒకసారి కాదు, మూడుసార్లు అరిచారని పక్క చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు చెప్పారు. బావకు ఒక్కటీ వినబడలేదు. కాల్చారు. గుండు ఎడమ మోకాలి ఎముకను పిండి చేసింది.

నేను ఆస్పత్రికి వెళ్లేసరికి కాలు తీసేశారు. ఆపినా ఆగకుండా పారిపోయాడని కాగితం రాశారు. మంచం పక్కన ఒక పోలీసు కూర్చుని ఉన్నాడు. దర్జీ అని నలుగురు పెద్దమనుషులు వచ్చి చెప్పాక గాని వాడు లేవలేదు.

వరండాలో అక్కకు చెప్పేశాను. గొట్టం తీసింది నేనేనని, అందుకే వినబడలేదని.

అక్క ఏడవలేదు. "మల్ల నా కండ్లకు కనవడకు తమ్మీ," అంది.

లోపల బావ విన్నాడేమో, నన్ను పిలిచాడు. "తియ్యిమన్నది నేను. నువ్వు గా మాట ఇంకెక్కడా అనకు," అన్నాడు. నేను సరేనన్నాను. ఆ సరే ఇన్నేళ్లుగా నన్ను పీక్కుతింటూనే ఉంది.

బండి ఠాణా ఆవరణలో ఎండకూ వానకూ పడి ఉంది. తీసుకుపొమ్మని చాలా కాలానికి కబురొస్తే, బావ వద్దన్నాడని చెప్పడానికి వెళ్లాను. ఎవరో సీటు కోసుకుపోయారు. అడుగున రేకు మాత్రం ఉంది. సంతకం పెట్టి, వెనక్కి చూడకుండా బస్సెక్కాను.

అక్క ఏడాది పైగా నాతో మాట్లాడలేదు. ఒక మధ్యాహ్నం తనే సిరిసిల్ల వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఒక్క కాలుతోని మిషిన్ తొక్కుతుండు. పొద్దుమీకేసరికి నడుం పడిపోతుంది. కొత్త గుడ్డలు ఎవ్వరు కుట్టనిస్తలేరు, ఆల్టరేషన్లే ఇస్తున్నరు," అంది. "కాలు నువ్వు తెచ్చియ్యలేవు. గా మిషిన్‌కు మోటరన్న పెట్టు."

మర్నాడే వెళ్లాను. పాత ఫ్యాను మోటారు ఒకటి తీసుకుని, తొక్కుడు చక్రం బెల్టు విప్పి దానికి వేసి, బావ మోచేత్తో నొక్కేలా స్విచ్ బిగించాను. బావ ఒక పాత చీర ముక్క మీద కుట్టు వేసి చూశాడు. గీత తిన్నగా వచ్చింది. ఆయన నా వైపు చూడలేదు, బట్ట వైపే చూస్తూ తలూపాడు. అక్క చాయ్ తెచ్చి నా ముందు నేల మీద పెట్టి లోపలికి వెళ్లింది.

చాయ్ తాగుతుండగానే కరెంటు పోయింది. మిషన్ ఆగింది. బావ గుడ్డను సూది కిందే ఉంచి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రం దాకా కరెంటు రాలేదు. నేను చివరి బస్సు అందుకోవాలని లేచేటప్పటికి కూడా ఆయన అలాగే కూర్చుని ఉన్నాడు.