నకిరేకల్‌లో ఉన్న కాపీ

మా ఇంటి గడప మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. నన్ను ఎరిగినవాళ్ళు ఇక్కడే నవ్వుతారు. నవ్వనివ్వండి.

పాలమూరులో ఒక స్కానింగ్ సెంటర్లో నేను కంప్యూటర్లు చూసేవాణ్ణి. కంప్యూటర్లంటే ముఖ్యంగా ఒకటే, మెట్ల కింద గదిలో చీపుర్ల పక్కన ఉండే లినక్స్ సర్వర్. తీసిన ప్రతి స్కానూ అందులోకే వచ్చి పడుతుంది. దానికి మూడు డిస్కులు. మూడింటినీ కలిపి ఒకే పెద్ద జాగాగా చేసి, అందులోంచి కావలసినంత కోసి వాల్యూములుగా వాడుకుంటాం. పాత స్కాన్లకు ఒకటి, కొత్తవాటికి ఒకటి. ఒకటి నిండితే రెండో దాన్నుంచి కొంత తీసి ఇవ్వచ్చు. కౌంటర్లో కూర్చునే అమ్మాయికి ఇది ఫంక్షన్ హాల్లో పరదా కట్టినట్టే అని చెప్పాను. ఇటు పెళ్ళి, అటు భోజనాలు. ఇటు జనం పెరిగితే పరదా అటు జరుపుతాం.

"మరి అటు కూసోని తింటున్నోళ్ళు ఏం గావాలె అన్నా?"

"వాళ్ళను ముందుగాల లోపలికి జరపాలె చెల్లె. గా తర్వాతనే పరదా."

అంతే. ముందు ఫైళ్ళను లోపలికి సర్దాలి, తర్వాతే వాల్యూమ్ అంచు తగ్గించాలి. నేను ఆమెకు చెప్పినవాటిలో కల్తీ లేనిది అదొక్కటే.

ఒక సోమవారం పొద్దున కొత్త స్కాన్ల వాల్యూమ్ నిండిపోయి మిషన్ ఆగింది. బెంచీల మీద పద్నాలుగు మంది. లాప్‌టాప్ కౌంటర్ మీదే పెట్టి పని మొదలుపెట్టాను. చేతులు పనిలో ఉంటే నా నోరు ఊరుకోదు. జడ్చర్లలో ఒక ఫ్యాక్టరీవాళ్ళ సర్వర్లో చెడిపోతున్న డిస్కులో ఉన్నదంతా, నడుస్తున్న బస్సులో, ఇన్వర్టర్ బ్యాటరీ ఒళ్ళో పెట్టుకుని, కొత్త డిస్కులోకి దించిన కథ అందుకున్నాను.

"కండక్టర్ ఏమనలేదా అన్నా?"

"ఏమంటడు? సర్వర్‌కు హాఫ్ టికెట్ కొట్టిండు."

బెంచీలన్నీ నవ్వాయి. ఇలా చేస్తే డేటా పోవచ్చు, పాత స్కాన్ల వాల్యూమ్ నిజంగా తగ్గించాలా అని తెర అడుగుతోంది. నవ్వు ఇంకా ఆగలేదు. అవునని కొట్టాను. మిగిలిన జాగాను కొత్త వాల్యూమ్‌కు కలిపాను. మిషన్ నడిచింది.

మధ్యాహ్నం జాకెట్లు కుట్టే ఒక అక్క వచ్చింది. రెండేళ్ళ కింద ఇక్కడే తీసిన స్కాన్‌లో ఆమె ఊపిరితిత్తిలో చిన్న మచ్చ కనిపించింది. ఇవాళ తీసినదాంట్లోనూ ఉంది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడాలన్నారు డాక్టర్. మచ్చ అంతే ఉంటే ఆమె ఇంటికి పోవచ్చు. పెరిగితే సూది దింపి ముక్క తీయాలి. ఆమె దగ్గరున్న ఫిల్ము రేకుల ఇంట్లో వానకు తడిసి అతుక్కుపోయింది. ఇక సర్వరే దిక్కు.

పాత వాల్యూమ్ తెరుచుకోలేదు. అప్పుడు తెలిసింది, ముందు పరదా లాగేశానని. వెంటనే చూసి ఉంటే అంచు వెనక్కి జరిపితే సరిపోయేది. కానీ అప్పటికే ఆ జాగాలో పద్నాలుగు మంది స్కాన్లు వచ్చి కూర్చున్నాయి. మరమ్మతు చేస్తే సగం ఫైళ్ళు లేచాయి. ఆమెది లేవలేదు.

"తమ్మీ, నాది దొరికిందా?"

"దొరుకుతది అక్కా. సర్వర్ మీద జర పిడుగు పడ్డది."

"పిడుగా? వానే పడకపాయె గదా!"

"లోపల పడ్డది."

డాక్టర్ తల ఎత్తలేదు. "నకిరేకల్‌ల ఇంకో కాపీ పెట్టిన అన్నవ్ గదా. తెప్పియ్" అన్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను చెప్పిన మాట అది. మా బావమరిది ఇంట్లో, బీరువాలో, పసుపు గుడ్డలో చుట్టిన డిస్కు ఉందని.

మర్నాడు పొద్దున బయలుదేరాను. నల్లగొండలో బస్సు మారి, నిమ్మకాయ బస్తాల మధ్య కూర్చుని నకిరేకల్ చేరాను. బావమరిది బీరువా తీశాడు. గుడ్డ విప్పాను. ఆ మరుసటి రోజు రెండు చిత్రాలూ పక్కపక్కన పెట్టారు. మచ్చ అంతే ఉంది. "పో అమ్మా, పోయి జాకెట్లు కుట్టుకో" అన్నారు డాక్టర్. వారం తిరగ్గానే అక్క నాకు చొక్కా కుట్టి తెచ్చింది.

ఇక్కడ ఆపేయాలని చాలాసార్లు అనుకున్నాను. నకిరేకల్ ప్రయాణం నేను కల్పించింది. బావమరిది ఉన్నాడు, బీరువా ఉంది, అందులో చీరలున్నాయి. నేను ఆ రోజు బస్టాండు దాకా పోయాను. మూడు బస్సులు పోనిచ్చి, బిస్కెట్ ప్యాకెట్ తిని, సాయంత్రం తిరిగొచ్చి డిస్కు తుప్పు పట్టిందని చెప్పాను. చెబుతుంటే నాకేమీ అనిపించలేదు. ఇప్పుడూ పెద్దగా అనిపించదు.

పోల్చడానికి ఏమీ లేక సూది దింపారు. ఊపిరితిత్తి నుంచి గాలి కారి, పక్కటెముకల మధ్య గొట్టం వేసి ఎనిమిది రోజులు దవాఖానలో ఉంచారు. ముక్కలో ఏమీ లేదు. ఎప్పుడో మానిన మచ్చ అది.

చొక్కా నిజమే. నెలన్నర తర్వాత తెచ్చింది. "నా కోసం గంత దూరం పోయొచ్చినవ్ తమ్మీ" అంది. కుడి చెయ్యి ఇంకా సరిగ్గా లేవట్లేదట, అందుకే కాలర్ వంకర వచ్చిందని తనే చెప్పింది.

నాకైతే సరిగ్గానే కనిపించింది.