అరవై మూడు గూళ్ళు

మా పెద్దమ్మకు కోపం ఎక్కువని బంధువులంతా అంటారు. నిజమే గాని, అది సగం నిజం. ఆవిడకు కోపం వచ్చిన ప్రతిసారీ అవతలివాళ్ళు ఏదో ఒకటి చేసే ఉంటారు. ఆ మిగతా సగం ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను.

ఆవిడ నీటి మీటర్లు చదివే ఉద్యోగి. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే పని. పొద్దున ఏడింటికల్లా భుజాన సంచీ, చేతిలో చిన్న ఇనప కొక్కెం పట్టుకుని బయలుదేరేది. గేటు తట్టడం, కుక్కను కట్టేయమనడం, వంగి కొక్కెంతో మూత లేపడం, లోపలి బురద తుడిచి అంకెలు రాసుకోవడం. రోజుకు నూటయాభై ఇళ్ళు. మూతల కింద తేళ్ళుండేవి. ఒకసారి పామే ఉంది. పాము నయమని, దాని దారిన అది పోయిందని, ఆ ఇంటాయన మాత్రం మీటరు ఎక్కువ తిరుగుతోందంటూ గంటసేపు బుర్ర తిన్నాడని చెప్పేది.

నలభై ఆరో ఏట ఆవిడ చేతికి కెమెరా వచ్చింది. ఆవిడ తిరిగే వీధిలో ఒక ఫొటో స్టూడియో మూతపడుతుంటే, దాని యజమాని సామానంతా అమ్ముకుని, ఎవరూ కొనని పాత డిజిటల్ కెమెరా మిగిలిపోతే, ఊరంతా తిరిగే మనిషివి, నువ్వే తీసుకో అక్కా అని ఇచ్చేశాడు. వెలుతురు ఎటునుంచి పడుతుందో చూసుకోవాలని, తొందరపడితే బొమ్మ చెదురుతుందని ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి నేర్పాడు. అంతే ఆవిడ చదువు.

అప్పటినుంచి ఆదివారాలు ఆవిడ ఇంట్లో ఉండేది కాదు. మీటర్లు చదివేటప్పుడు తల వంచుకుని చూసిన ఊరిని ఆదివారం తలెత్తి చూసేది. కరెంటు తీగల మీద పిచ్చుకలు, గోడ పగుల్లో మొలిచిన మొక్క, మూసిన షట్టరు ముందు నిద్రపోయే పిల్లి, బస్సు కిటికీలో తల దువ్వుకునే కండక్టరు. మా పెదనాన్న దర్జీ. నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడతాడు. ఆరు రోజులు తిరిగి జీతం తెస్తుంది, ఏడో రోజు తిరిగి పిట్టల్ని తెస్తుంది అని ఆటపట్టించేవాడు. మళ్ళీ ఆయనే పాత ప్యాంటు గుడ్డతో కెమెరాకు సంచీ కుట్టిపెట్టాడు.

కొన్ని ఆదివారాలు నేనూ వెంట వెళ్ళేదాన్ని. మనుషుల్ని తీసే ముందు ఆవిడ తప్పకుండా అడిగేది. వద్దంటే మారుమాట లేకుండా కెమెరా దించేసేది. అడిగితే మొహం బిగుసుకుపోతుంది కదా, చెప్పకుండా తీస్తే బాగా వస్తుంది కదా అని ఒకసారి అన్నాను.

"మీటరు చదవాలన్నా గేటు తట్టే కదే లోపలికి వెళ్తాం" అంది.

నీళ్ళ ట్యాంకు దగ్గర్నుంచి స్టేషను దాకా వెళ్ళే రోడ్డుకు రెండు వైపులా నిద్రగన్నేరు చెట్లుండేవి. ముప్పై నాలుగు. ఏటా వానలకు ముందు తెల్లకొంగలు వచ్చి వాటిమీద గూళ్ళు కట్టేవి. రోడ్డంతా సున్నం చల్లినట్టు రెట్టలు, చేపల నీచు వాసన. జనం తిట్టుకుంటూ నడిచేవాళ్ళు, ఎండ ముదిరితే మళ్ళీ ఆ నీడకే చేరేవాళ్ళు. పదకొండో చెట్టు కింద ఒక చిరుగు గొడుగు, గాలి పంపు, నీళ్ళ బేసిను పెట్టుకుని సైకిళ్ళకు పంచర్లు వేసే ముసలాయన కూర్చునేవాడు. ఊరందరికీ పంచర్ల తాత. పెద్దమ్మకు మాత్రం బాబాయ్.

ఒక ఆదివారం పొద్దున తాత ట్యూబును బేసినులో ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందా అని కళ్ళు చిట్లించి చూస్తున్నాడు. సరిగ్గా ఆయన నెత్తిమీది కొమ్మ అంచున ఒక కొంగపిల్ల మెడ చాచి అదే బేసినులోకి చూస్తోంది, చేప ఉందేమోనని. పెద్దమ్మ ఫొటో తీసుకోనా బాబాయ్ అని అడిగేసరికి కొంగపిల్ల గూట్లోకి పోయింది. తాత నవ్వి మళ్ళీ పనిలో పడ్డాడు. ఆవిడ గంటన్నర కాచుకుంది. ఇంకో సైకిలు వచ్చింది, ఇంకో ట్యూబు నీళ్ళలో మునిగింది, కొంగపిల్ల మళ్ళీ తొంగిచూసింది. అప్పుడు దొరికింది ఆ బొమ్మ.

నేను జిరాక్సు షాపులో పనిచేస్తాను. ఆవిడ ఫొటోలు ప్రింటు తీసేది నేనే. నగరపాలక కార్యాలయం వాళ్ళు ఊరి ఫొటోల పోటీ పెడితే, ఎందుకే అంటున్నా వినకుండా ఆ ఫొటోను పంపింది కూడా నేనే. ఫారం అడుగున సన్న అక్షరాల్లో ఏదో ఉంది. చదవకుండానే సమ్మతమేనని టిక్కు పెట్టేశాను. ఆ తప్పు నాది. పెద్దమ్మ ఎన్నడూ ఎత్తిచూపలేదు గాని, నాదే.

మొదటి బహుమతి వచ్చింది. పెదనాన్న కొలతలకు వచ్చిన ప్రతివాడికీ టేపు మెడలో వేసుకుని మరీ చెప్పాడు. రెండు వారాలు తిరక్కుండా ఆ ఫొటోను అదే రోడ్డు మొదట్లో, మూడంతస్తుల ఎత్తున బోర్డు కట్టి పెట్టారు. 'రేపటి రోడ్డు, రేపటి నగరం' అని పైన రాశారు. రోడ్డు వెడల్పు చేసే పనికి ప్రకటన అది. చెట్టు ఉంది, కొమ్మ ఉంది, కొంగపిల్ల ఉంది. తాత లేడు. ఆయన ఉన్నచోట ఒక సిమెంటు బెంచీ, దానిమీద నవ్వుతూ కాఫీ తాగుతున్న జంట. కొంగపిల్ల వాళ్ళ కప్పులోకి తొంగిచూస్తోంది.

పెద్దమ్మ ఆ బోర్డును పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత పదకొండో చెట్టు దగ్గరికి నడిచింది. తాత పంపు కొడుతున్నాడు. కొట్టడం ఆపలేదు.

"నన్ను తుడిచేశారమ్మాయ్."

"నేను కాదు బాబాయ్."

"నువ్వు కాదు. ఫొటో నీది."

మర్నాడు సెలవు పెట్టి నగర కార్యాలయానికి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. రోడ్డు పని చూసే అధికారి మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. ఫొటో ఎంత బాగుందో, పైవాళ్ళు ఎంత మెచ్చుకున్నారో చెప్పుకొచ్చాడు. ఆ మర్యాద వింటుంటే నాకే ఒళ్ళు మండింది.

"అందులో మనిషి ఏడండీ?" అంది పెద్దమ్మ.

"ప్రకటన కదా మేడం, కాస్త శుభ్రం చేశాం."

"అంటే ఆయన మురికా?"

ఆయన సొరుగు లాగి ఫారం తీసి బల్లమీద మావైపు తిప్పి పెట్టాడు. ఫొటోను ఎలాగైనా మార్చి వాడుకోవచ్చని రాసుంది. పక్కనే నేను పెట్టిన టిక్కు.

బహుమతి సభకు ఆవిడ వెళ్ళలేదు. షీల్డు ఇంటికి పంపితే, అదే అట్టపెట్టెలో తిప్పి పంపించింది.

ఆ నెలలోనే ముప్పై నాలుగు చెట్లకూ ఎర్రరంగుతో నంబర్లు వేసి, చెట్టుకొక నోటీసు అంటించారు. చెట్లు కొట్టడానికి అనుమతి పత్రం అది. అందులో ఒక వాక్యం: 'తనిఖీలో ఈ చెట్లపై పక్షుల గూళ్ళేవీ కనిపించలేదు.' తనిఖీ చేసిన తేదీ, ఆవిడ కొంగపిల్లను ఫొటో తీసిన మర్నాడు. పెద్దమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. రోడ్డు మొదట్లో వాళ్ళు పెట్టిన బోర్డులోనే మూడంతస్తుల కొంగపిల్ల ఉంది. తలెత్తి చూస్తే వీళ్ళ మెడలు విరుగుతాయా అంది.

వారం రోజులు తెల్లారేసరికి ఆ రోడ్డు మీద ఉండేది. ప్రతి చెట్టునూ ఎర్ర నంబరు, గూడు రెండూ ఒకే ఫొటోలో పడేలా తీసింది. నంబరు కోసం కొన్నిచోట్ల రోడ్డు మీద వెల్లకిలా పడుకుంది. చీరంతా రెట్టలు. అరవై మూడు గూళ్ళు తేలాయి. మా యజమానికి చెప్పే అన్నీ ప్రింటు తీశాను. చెట్ల సంరక్షణ విభాగానికి ఒక కట్ట, పత్రికకు ఒక కట్ట పంపించింది.

పత్రికలో వచ్చిన రోజే నీళ్ళ ఆఫీసులో ఆవిడ పై అధికారి పిలిపించాడు. నీళ్ళ ఆఫీసు కూడా నగర కార్యాలయం కిందిదే. తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావా అని అడిగాడట.

"వాసాలు కాదు సార్, గూళ్ళు లెక్కపెట్టాను" అందట.

మూడో రోజుకు బదిలీ కాగితం వచ్చింది. గుట్ట మీది కాలనీలు. ఇంటికొక ముప్పై మెట్లు. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి ఏరి కోరి ఇచ్చిన వీధులు. పెదనాన్న ఆ రాత్రి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసి, ఉద్యోగం మానేస్తావా అని అడిగాడు. ఎందుకు మానాలి, మీటర్లు నాకు ఏం అన్యాయం చేశాయి అంది.

చెట్లు కొట్టే రోజు సంరక్షణ విభాగం ఇన్‌స్పెక్టరు గూళ్ళు చూడ్డానికి పదింటికి వస్తానని చెప్పింది. కోతమిషన్లు ఎనిమిదింటికే వచ్చాయి. పెద్దమ్మ, నేను చేరేసరికి ఒకటో నంబరు చెట్టు రోడ్డుకడ్డంగా పడుంది. దానిమీద రెండు గూళ్ళు. నాలుగు పిల్లలు తారు మీద ఉన్నాయి, ఒకటి ఇంకా రెక్క ఆడిస్తోంది. నేను మొహం తిప్పుకున్నాను. పెద్దమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఫొటో తీస్తోంది. కోత మేస్త్రీ వచ్చి కెమెరాకు చెయ్యి అడ్డం పెట్టాడు, తీయొద్దమ్మా అని.

"నువ్వు కొట్టొచ్చు, నేను తీయకూడదా?"

గట్టిగా కూడా అనలేదు. అతను చెయ్యి తీసేశాడు. మిషన్లు రెండో చెట్టు దగ్గర ఆగిపోయాయి. ఆవిడ ఆ చెట్టు మొదట్లోకి వెళ్ళి నిలబడింది కాబట్టి ఆగాయి. పదిన్నరకు ఇన్‌స్పెక్టరు వచ్చింది. పెద్దమ్మ తీసిన ఫొటోలు చేతబట్టుకుని ఆ ఇన్‌స్పెక్టరే చెట్టుచెట్టుకూ తిరిగి, పిల్లలు ఎగిరిపోయేదాకా ఒక్క కొమ్మ ముట్టుకోకూడదని రాసిచ్చింది.

గెలిచామని నేను గంతులేశాను. అది మూడు నెలల ముచ్చటే. పిల్లలు పెరిగాయి, ఎగిరిపోయాయి, గూళ్ళు ఖాళీ అయ్యాయి. అప్పుడొచ్చి ముప్పై మూడు చెట్లనూ నాలుగు రోజుల్లో నేలకూల్చారు. అంతా చట్టప్రకారమే. తప్పుడు తనిఖీ రాసినవాడికి ఏమైందని పెద్దమ్మ మూడు ఉత్తరాలు రాసింది. పరిశీలనలో ఉందని మూడుసార్లూ జవాబొచ్చింది. నాకైతే చెట్లు కొట్టడం కంటే ఆ జవాబు తలచుకుంటేనే ఎక్కువ మండుతుంది.

తాతను అక్కణ్ణుంచి లేపేశారు. ఇప్పుడొక గోడౌను గోడ పక్కన, నీడ లేని చోట కూర్చుంటున్నాడు. పెద్దమ్మ అసలు ఫొటోను, అంటే ఆయన ఉన్నదాన్ని, ఫ్రేము కట్టించి తీసుకెళ్ళింది. ఆయన తడిచేతులు తుడుచుకుని అందుకుని, చూసి, తిరిగి ఇచ్చేశాడు.

"ఎక్కడ తగిలించను? ఈ గోడ నాది కాదు."

ఆవిడ ఇప్పటికీ అటు వెళ్ళినప్పుడల్లా పలకరిస్తుంది. ఆయనా మాట్లాడతాడు. కాని అమ్మాయ్ అనడం మానేశాడు. మేడం అంటాడు. ఆ మాట వినబడిన రోజు పెద్దమ్మ ఇంటికొచ్చి కెమెరా సంచీ ముట్టుకోదు.

మరుసటి ఏడు వానలకు ముందు, కొంగలు ఎటు పోయాయో వెతకడం మొదలుపెట్టింది. ఏడు ఆదివారాలు ఉత్త చేతులతో వచ్చింది. ఎనిమిదో ఆదివారం సాయంత్రం కెమెరా నా చేతికిచ్చి, చూడమని పక్కన కూర్చుంది. ముదురాకుపచ్చ కొమ్మలు, పుల్లల గూళ్ళు, వాటి నిండా తెల్లటి కొంగలు. వందకు పైనే ఉంటాయి. ఏ ఫొటోలోనూ గోడ లేదు, స్తంభం లేదు, రోడ్డు ముక్క లేదు. ఏ వీధో పోల్చుకోవడానికి చిన్న ఆనవాలైనా లేకుండా తీసింది. పెదనాన్న కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు. ఆయనకూ చెప్పలేదట.

"ఎక్కడ పెద్దమ్మా?" అన్నాను.

"ఊళ్ళోనే" అంది, కెమెరా వెనక్కి తీసుకుంటూ.